దూలం గోడలోకి వెళ్ళే చోట

చెద పట్టిందని నన్ను పిలిచిన ఇళ్ళలో చాలావాటికి చెద పట్టలేదు. ఈ ఒక్క మాట మొదట్లోనే ఎవరైనా నాకు చెప్పి ఉంటే నా పనిలో తొలి ఏడేళ్ళు ఇంకాస్త మర్యాదగా గడిచేవి. ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళకూ తెలియదు.

నేను తిరువూరులో వడ్రంగం చేశాను. మంచాలు, కుర్చీలు చేసిన వడ్రంగిని కాను. ఇళ్ళ కలప బాగుచేసేవాణ్ణి. దూలాలు, దంతెలు, గుమ్మాలు, కిటికీ చట్రాలు, వీటికి జబ్బు చేస్తే నన్ను పిలిచేవారు. ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వవు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఫోను చేసి, "ఏ మందు కొట్టాలి బాబాయ్?" అని అడుగుతుంటారు. ఎక్కడ పుచ్చింది, ఎందుకు పుచ్చింది అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. మందు సంగతి చెబుతాను, కానీ దానికంటే ముందు చెప్పుకోవలసింది చాలా ఉంది. అందులో నాకు గొప్పగా అనిపించేది తక్కువ.

చెద వేరు, పుచ్చు వేరు

చెద అయితే మట్టి ఉంటుంది. గోడ మీద సన్నటి మట్టి దారి, చెక్క లోపల పొరల మధ్య మట్టి, వేలితో తీస్తే తెల్లటి పురుగులు. కళ్ళున్న ప్రతివాడూ పట్టుకోగలడు.

పుచ్చుకు మట్టి ఉండదు, పురుగూ ఉండదు. అది ఒక రకం బూజు. చెక్కలో తడి చేరి, ఆరే దారి లేక, గాలి తగలకుండా ఉండిపోయిన చోట పుట్టి, చెక్కలోని సత్తువంతా తినేస్తుంది. తిన్నాక మిగిలింది గోధుమ రంగుకు తిరిగి, నిలువునా అడ్డంగా పగిలి, బెల్లం చెక్క ముక్కల్లా ఊడివస్తుంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే ముక్కుపొడుంలా రాలుతుంది. దగ్గరగా వాసన చూస్తే పుట్టగొడుగుల వాసన వస్తుంది. ఒక్కోసారి దూదిలాంటి తెల్లటి పోగులు గోడ గచ్చు లోపలి దాకా పాకి ఉంటాయి. చూడటానికి మాత్రం ఎండిన చెక్కలాగే ఉంటుంది. "ఇందులో తడి ఎక్కడుందయ్యా, పొడిపొడిగా ఉంటే?" అని ఇంటివాళ్ళు మనతో వాదిస్తారు. వాళ్ళ తప్పు లేదు. తడి గోడలో దాక్కుని ఉంటుంది.

మా వైపు జనం ఈ రెండింటినీ కలిపి చెద అనే అనేవారు. కాబట్టి వైద్యం కూడా ఒక్కటే. పొలానికి తెచ్చిన పురుగుమందు పొడి చల్లేవారు, కిరసనాయిలు పూసేవారు, లారీ షెడ్డు నుంచి వాడేసిన ఇంజనాయిలు డబ్బాతో తెచ్చి పోసేవారు. నేను నవ్వడం లేదు. ఈ మూడు పనులూ నా చేత్తో చేశాను, చేసి మర్యాదలు కూడా అందుకున్నాను. ఆ మందులకు పుచ్చు చెక్కు చెదరదు. గోడలోకి నీళ్ళు వస్తున్నంత కాలం అది తన పని తాను చేసుకుంటూ పోతుంది.

వీరాచారి గారి చెవి

నాకు పని నేర్పినవారు వీరాచారి గారు. టింబర్ డిపో పక్కన షెడ్డులో ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. మా నాన్న బండి చక్రాలు చేసేవాడు. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పలచబడింది. సాయిబుల కుర్రాణ్ణి ఆచారి గారు చేర్చుకుంటారా అని మా ఇంట్లో సందేహించారు. ఆయన నా అరచేతులు తిరగేసి చూసి, "రేపు పొద్దున రా" అన్నారు, అంతే.

ఆయనది గొప్ప చెవి. కొయ్య సుత్తితో దూలాన్ని ఒక్క దెబ్బ కొట్టి, తల పక్కకు వంచి వినేవారు. గట్టి చెక్క ఖంగుమంటుంది, గుల్లబారింది డొల్లగా పలుకుతుంది. అడవి నుంచి వచ్చిన మొద్దులో తొర్ర ఎంత లోతుందో కోయకముందే చెప్పేవారు, కోశాక చూస్తే అంతే ఉండేది. ఆ విద్య నాకూ వచ్చింది, ఆయనంత కాకపోయినా. దానితోపాటు ఆయన పొరపాటు కూడా వచ్చింది. సుత్తి మనిషి చెయ్యి అందే చోటే పడుతుంది. దూలం చివరలు గోడలో ఉంటాయి. అక్కడ సుత్తి పడదు, చెవి వినదు. ఈ చిన్న విషయం ఆయన ఎన్నడూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆలోచించకపోవడానికి కారణం తారు. ఎంతో కాలంగా మా వాళ్ళ అలవాటు, గోడలోకి వెళ్ళే దూలం చివరకు తారు కాచి దట్టంగా పూసేవాళ్ళం. తారు పూసిన చివర నూరేళ్ళు ఉంటుందనేది ఆచారి గారి నమ్మకం. బాగా ఎండిన పాత టేకు రోజుల్లో అది నిజమే అయి ఉండాలి. డెబ్బయ్యో సంవత్సరం నాటికి వస్తున్నది పచ్చి మద్ది కలప. కోసి మూడు నెలలు కాకుండానే దూలం ఎక్కించేసేవాళ్ళం. పచ్చి చెక్కకు తారు పూస్తే లోపలి తడిని లోపలే ఉంచి మూత పెట్టినట్టు. మేం ఆ మూత ఎంతో శ్రద్ధగా పెట్టేవాళ్ళం, రెండు దఫాల పూత.

టీచరు గారి ఉయ్యాల

రాహేలమ్మ టీచరు గారు మూడో తరగతిలో నాకు పాఠం చెప్పారు. భర్త పోయిన తర్వాత తన జీతంతో డాబా ఇల్లు కట్టుకున్నారు. గది మధ్యలో ఒక పెద్ద మద్ది దూలం, దాని మీద వరసగా సన్నటి దంతెలు, వాటి మీద ఇటుకలు, పైన దిమ్మిసాతో కొట్టి గట్టిపరిచిన సున్నం. ఆ దూలం ఎక్కించింది ఆచారి గారు. చివరలకు తారు పూసింది నేను. అప్పటికి నేను పనిలో చేరి కొన్ని నెలలే. కలప ఇంకొన్నాళ్ళు ఆరాలని ఆయనకు తెలుసు. కానీ గృహప్రవేశానికి పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసే రోజు ఖాయమైపోయింది, ఆగలేకపోయాం.

ఐదేళ్ళ తర్వాత టీచరు గారికి సిమెంటు పర్మిట్టు దొరికింది. ఇప్పటి కుర్రాళ్ళకు ఈ మాట అర్థం కాదు. అప్పట్లో సిమెంటు బస్తా ఇంటికి రావడమంటే పెళ్ళి సంబంధం కుదిరినంత పని. బయటి గోడలన్నిటికీ పాత సున్నం మీద సిమెంటు పూత వేయించుకున్నారు. వీధిలో వాళ్ళు ఆగి చూసి మరీ వెళ్ళేవారు. సున్నం గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. సిమెంటు పూత వదలదు. డాబా మీద వాననీళ్ళు బయటికి పోయే తూము సరిగ్గా ఆ దూలం చివర పైనే ఉంది. తూము పక్కన పూతలో వెంట్రుకంత బీట. ఇవన్నీ నేను తర్వాత ఒక్కొక్కటిగా కలిపి చూసుకుని తెలుసుకున్నవి.

దివిసీమలో ఉప్పెన వచ్చిన ఏడాది, టీచరు గారి అమ్మాయి మేరీ పురుటికి వచ్చింది. మొగపిల్లవాడు. పిల్లవాణ్ణి ఉయ్యాలలో వేసే రోజుకు పాస్టరు గారిని పిలుచుకున్నారు. దూలానికి కొక్కేలు బిగించడానికి నన్ను పిలిచారు. కొక్కేలు బిగించాను. టీచరు గారు నిచ్చెన పక్కనే నిలబడి, దూలం బాగానే ఉందా అని అడిగారు. నేను సుత్తితో మధ్యలో రెండు దెబ్బలు కొట్టాను. ఖంగుమంది. మట్టి దారులేమన్నా ఉన్నాయేమోనని గోడ వారగా చూశాను, లేవు.

"ఏనుగును కట్టినా ఆగుద్ది టీచరు గారూ" అన్నాను.

ఆవిడ నవ్వారు. నేనూ నవ్వుకుంటూ వచ్చేశాను.

రెడ్డిగూడెంలో

ఆ తర్వాత తొమ్మిదో రోజున రెడ్డిగూడెంలో ఒక మామిడితోట రైతు ఇంటికి వెళ్ళాను. దంతెకు చెద పట్టిందని కబురు. మూడుసార్లు పొడి చల్లారట, తగ్గలేదట. ఆచారి గారు నడుం నొప్పితో ఉండి నన్నొక్కణ్ణే పంపారు. అదీ మా చేతి ఇల్లే. దూలాన్ని మధ్యలో కొట్టి చూశాను, గట్టిగా పలికింది. పాడైన దంతెను ఊడదీయాలంటే దూలం చివర దగ్గర గచ్చు కాస్త కొట్టాలి. కొడుతుంటే ఉలి చేతిలోంచి జారినట్టుగా లోపలికి పోయింది. చెక్కలోకి దిగిన ఉలి ఆనవాలు చేతికి తెలుస్తుంది. ఇది అలా లేదు. పిండిలోకి దిగినట్టు పిడి దాకా దిగింది.

గచ్చు ఇంకా కొట్టి చూశాను. పైన తారు నిగనిగలాడుతూనే ఉంది. ఎక్కడా పగుల్లేదు. దాన్ని గోరుతో గీకితే పెంకులా ఊడివచ్చింది, లోపల నుంచి గోధుమరంగు ముక్కలు జలజలా రాలాయి. మట్టి లేదు, పురుగు లేదు. దూలం మధ్యలో ఖంగుమంటూనే ఉంది, చివర మాత్రం దూలం లేదు. దూలం ఉన్న ఆకారంలో తారు ఉంది. ఆ ఇంటి డాబా తారు పెంకు మీదా, గోడ గచ్చు పట్టు మీదా నిలబడి ఉంది.

రైతు నా వెనకే నిలబడి, ఏ మందు కొడతారని అడిగాడు. అప్పటికప్పుడు ఊతాలు పెట్టించి, గదిలో ఎవరూ పడుకోవద్దని చెప్పి బయలుదేరాను. విస్సన్నపేటలో బస్సు మారాలి. దిగడం గుర్తుంది, రెండో బస్సు ఎక్కడం గుర్తులేదు. నా కళ్ళ ముందు టీచరు గారి గదిలో పడమటి గోడ, దాని మీద తూము ఉన్నాయి. ఆ చివరకు తారు పూసిన బొచ్చు కుంచె కూడా నాకు గుర్తొచ్చింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నెల పిల్లవాడి బరువెంత? దూలానికి అది లెక్కలోది కాదు. నా భయం ఉయ్యాల బరువు గురించి కాదు. చివర దిగిపోతే దూలం దిగుతుంది, దానితో దంతెలు, ఇటుకలు, సున్నం అన్నీ దిగుతాయి. ఆ గదిలో పొద్దస్తమానం సరిగ్గా దాని కిందే ఉండే ప్రాణి ఆ పిల్లవాడొక్కడే.

రెండు రోజులు

బస్సు దిగి నేరుగా ఆచారి గారింటికి వెళ్ళాను. జేబులో తెచ్చిన ముక్కలు చూపించాను. ఆయన దీపం దగ్గర చూసి, రెడ్డిగూడెం ఇంటికి వేసిన కలప మనకు డిపోవాడు అంటగట్టిన చెత్త అన్నారు. టీచరు గారి దూలం కూడా అదే లోడులోదని గుర్తు చేశాను. ఆయన ఆ ముక్కలు తిరిగి నా చేతిలో పెట్టారు. తర్వాత అన్న మాటలు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఏడేళ్ళకే పుచ్చిందని మనమే పోయి చెబితే, ఊళ్ళో మన చేతి దూలాలన్నీ పుచ్చినాయనుకుంటార్రా. క్రిస్మస్‌కి ఎట్టాగూ వెల్ల వేయిస్తారు. అప్పుడు గోడ చూసినట్టు చూద్దాం. మూడు వారాలు ఎంతలోకి?"

ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన దగ్గర ఆరు కుటుంబాలు బతుకుతున్నాయి, అందులో మాదొకటి. పైగా ఆ మాటలో తర్కం ఉంది. ఏడేళ్ళు నిలిచింది ఇంకో మూడు వారాలు నిలవదా? మీకూ ఇలాంటి మేస్త్రి దొరుకుతాడు. ఆయన చెప్పేది సబబుగానే వినిపిస్తుంది. నేను తల ఊపి వచ్చేశాను.

మర్నాడు పనికి వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. రెండు రోజులూ టీచరు గారి వీధి తప్పించి చుట్టుదారిలో తిరిగాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నా పనిలో అతి పెద్ద తప్పు దూలాన్ని సరిగా చూడకపోవడం కాదు. అది తెలియనితనం. తెలిశాక చుట్టుదారిలో తిరగడమే తప్పు.

రెండో రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. షెడ్డు రేకుల మీద చినుకులు పడుతుంటే నా చేతిలో చిత్రిక ఆడలేదు. తూములోంచి నీళ్ళు ఎటు పోతున్నాయో నాకు కనిపిస్తూనే ఉంది. ఆచారి గారు అటు తిరిగి ఏదో కొలుస్తున్నారు. చిత్రిక బల్ల మీద పెట్టి, "నేను టీచరు గారింటికి పోతన్నానండి" అని చెప్పి సైకిలెక్కాను. ఆయన కొలుస్తూనే ఉన్నారు.

గోడ విప్పితే

పిల్లవాడు ఉయ్యాలలోనే ఉన్నాడు. టీచరు గారు పక్కన కూర్చుని కాలి బొటనవేలితో తాడు ఊపుతూ స్కూలు పిల్లల కాగితాలు దిద్దుతున్నారు. మేరీ వంటింట్లో ఉంది.

బాబును తీసి అవతలి గదిలో పడుకోబెట్టమన్నాను. ఇప్పుడే కన్ను మూశాడు, లేపితే వీధంతా లేపుతాడన్నారావిడ. అయినా తీయమన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా మొహం చూశారు. మూడో తరగతిలో లెక్క పక్కవాడి పలక చూసి వేసినప్పుడు అలాగే చూసేవారు.

"ఏంటి వలీ?"

"దూలం చివర చూడాలండి. ఆ రోజు నేను చూళ్ళేదు."

"ఏనుగును కట్టినా ఆగుద్దన్నావుగా?"

"మధ్యలో కొట్టి చూసి అన్నానండి."

ఆవిడ కాగితాలు పక్కన పెట్టారు. లేచి రెండు చేతులతో పిల్లవాణ్ణి ఎత్తుకుని, మేరీని పిలుచుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయారు. వాడు అనుకున్నట్టే వీధంతా వినబడేలా ఏడ్చాడు. ఆ ఏడుపు నాకెంత హాయిగా వినిపించిందో చెప్పలేను.

నా సైకిలు చక్రంలోంచి తీసి మొన సానబట్టిన చువ్వ ఒకటి తెచ్చుకున్నాను. నిచ్చెనెక్కి దూలం గోడను తాకే చోట, గచ్చు పక్కనుంచి ఏటవాలుగా గుచ్చాను. వేలు తగిలేదాకా పోయింది. పైకి లాగితే మొన తడిగా ఉంది, దానికి గోధుమరంగు పొడి అంటుకుని ఉంది. చువ్వ తుడిచి జేబులో పెట్టుకుని నిచ్చెన దిగాను.

సరుగుడు గుంజలు తెచ్చి దూలానికి ఊతాలు పెడుతుంటే వాకిట్లో ఇంకో సైకిలు ఆగింది. ఆచారి గారు తడిసిపోయి వచ్చారు. రెండో గుంజ ఆయనే పట్టుకుని బిగించారు. తర్వాత గోడ విప్పాం. జానెడున్నర లోతు వరకు దూలమే లేదు. ఆయన ఒక ముక్క తీసుకుని అరచేతిలో నలిపి, వాసన చూసి, టీచరు గారి వైపు తిరిగారు.

"పచ్చిదని తెలిసే ఎక్కించానమ్మా. తారు నేనే పూయమన్నాను. ఈ కుర్రాడిదేం లేదు."

నన్ను కాపాడటానికి ఆయన ఆ మాట అన్నారు. అది పూర్తిగా నిజం కాదు, కానీ ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. ఆ తర్వాత నెలంతా ఆయన తన చేతి దూలాలున్న ఇళ్ళకు ఒక్కొక్క దానికీ వెళ్ళి చివరలు చూపించమని అడిగారు. ఊళ్ళో కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. పనులు కొంతకాలం తగ్గిన మాట నిజం. ఆయన మీద నా గౌరవం మొదలైంది మాత్రం అప్పుడే. అంతకు ముందున్నది భయం.

మందు సంగతి

ఇప్పుడు మీరడిగే మందు. ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకండి. తూమా, కుళాయి గొట్టమా, పక్కింటి స్నానాలగది గోడా? అది ఆపకుండా చెక్కను ముట్టుకోవద్దు. టీచరు గారింట్లో మొదట తూమును గోడ దాటేలా బయటికి లాగాం, బీట దగ్గర సిమెంటు పూత పెళ్ళగించాం. గోడను పదిహేను రోజులు విప్పే ఉంచాం. చూడటానికి అసహ్యంగా ఉందని ఇంటివాళ్ళు తొందరపెడతారు. తొందరపడకండి. గాలి చేసే వైద్యం ఏ డబ్బాలోనూ దొరకదు.

తర్వాత కుళ్ళిన భాగం కోసేయాలి. కళ్ళకు కనిపించినంత వరకు కాదు, దానికి ఇంకో మూరెడు అవతల నుంచి, గట్టి చెక్కలో కోయాలి. కోసిన తుక్కును పెరట్లో వంటచెరుకు పక్కన పారేయకండి. ఊరవతల తగలబెట్టండి. కోసిన మొహానికి మైలుతుత్తం నీళ్ళు మూడుసార్లు పట్టించాం, ప్రతిసారీ ఆరనిచ్చి. తోటల్లో మందు కొట్టే వాళ్ళ దగ్గర అది దొరికేది. దాన్ని మట్టి కుండలో కలపాలి, ఇనప బకెట్టులో కాదు. ఇనుమును తినేస్తుంది. మేకులు, బోల్టులు ఉన్న చోటికి దాన్ని రానివ్వకండి. ఇప్పుడు అంతకంటే మంచి మందులు వచ్చాయి, వాడండి, నాకేం పట్టింపు లేదు.

పొట్టిదైన దూలం కింద, గది లోపలే గోడకు ఆనించి ఇటుక దిమ్మె కట్టి, మీద రాతి పలక పెట్టి, దాని మీద కూర్చోబెట్టాం. కోసిన చివర చుట్టూ రెండు వేళ్ళ సందు వదిలేశాం, గాలి ఆడటానికి. తారు పూయలేదు. దిమ్మె గది అందం పాడుచేసిందని మేరీ అంది. నిజమే, పాడుచేసింది.

రెండో చివర

పని అయిపోయిన రోజు కొక్కేలు మళ్ళీ బిగించాను. టీచరు గారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఇక ఉయ్యాల వేసుకోవచ్చని, దూలం బాగుందని చెప్పాను. ఆవిడ, మా ఇంట్లో చంటిపాపకు ఎన్నో నెల అని అడిగారు. ఆరో నెల అన్నాను.

"రేపు మీ ఆవిణ్ణీ పాపనీ తీసుకురా. ముందు తనని పడుకోబెడదాం" అన్నారు.

కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. రేపు పలక తెచ్చుకో అన్నంత మామూలుగా అన్నారు. అట్టాగేనండి అని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడ జాన్‌బీకి చెప్పాను. ఆమె పాపకు అన్నం మెతుకులు నలిపి పెడుతోంది. తల ఎత్తకుండానే, "గట్టిగానే ఉందిగా?" అని అడిగింది. బాగుందని చెప్పబోయాను. చెప్పబోతే రెండో చివర గుర్తొచ్చింది. దూలానికి రెండు చివరలుంటాయి. తూర్పు చివర మధ్యగోడలో ఉంది. అక్కడ వాన పడదు, సిమెంటు పూత లేదు. కాబట్టి బాగుంటుందని ఆచారి గారూ నేనూ అనుకున్నాం. అనుకున్నాం, అంతే. దానికీ నేనే తారు పూశాను. పదిహేను రోజులు ఆ గదిలో పనిచేసి, ఒక్కసారి కూడా అక్కడ చువ్వ గుచ్చలేదు. చూడకుండానే బాగుందని టీచరు గారితో రెండోసారి చెప్పి వచ్చాను. నా పాప వంతు వచ్చేదాకా నాకది తట్టలేదు.

తెల్లవారగానే వెళ్ళాను. టీచరు గారు వాకిలి ఊడుస్తున్నారు. రెండో చివర చూడాలన్నాను. ఆవిడ చీపురు గోడకానించి నిచ్చెన పట్టుకున్నారు. గచ్చు కొట్టి, చువ్వ గుచ్చితే దిగలేదు. మూడు చోట్ల గుచ్చాను. బరమాతో చిన్న చిల్లు పెట్టి పొట్టు తీసి చూశాను, పొడిగా, ఎర్రగా ఉంది, గట్టి మద్ది వాసన వేసింది. ఎండే అవకాశం దొరికి ఆ చివర బతికింది. పుచ్చు దొరికి ఉంటే నాకు కొంచెం గర్వంగా ఉండేదేమో, వచ్చి మంచిపని చేశానని. దొరకలేదు. ఆ చిల్లు పూడ్చకుండా అలాగే వదిలేసి వచ్చాను.

మధ్యాహ్నం జాన్‌బీ పాపను తీసుకొచ్చింది. మేరీ ఉయ్యాలలో మెత్తటి పాత చీర పరిచింది. పాపను పడుకోబెట్టారు. కొత్త చోటు కదా, ఏడుస్తుందనుకున్నాను. రెండు ఊపులకే కళ్ళు మూతలు పడ్డాయి. జాన్‌బీ, మేరీ వంటింటి గుమ్మంలో కూర్చుని ఏవో కబుర్లలో పడ్డారు. నేను ఉయ్యాల పక్కన నేల మీద కూర్చున్నాను. రెండు చివరలూ నా కళ్ళతో చూసినవే. దిమ్మె కట్టింది నేనే. అయినా నా రెండు చేతులూ ఉయ్యాల కింద చాచి ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

టీచరు గారు మనవణ్ణి భుజం మీద వేసుకుని పక్కన నిలబడి అది చూశారు.

"పదకొండు రోజులు మావాడు నీ మాట మీదే ఊగాడు వలీ" అన్నారు.

పదకొండు కాదు, తొమ్మిది రోజులే. చివరి రెండు రోజులూ ఆ చివర పుచ్చి ఉంటుందని నాకు తెలుసు. అది ఆవిడతో ఎన్నడూ చెప్పలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు మాత్రం పాప లేచేదాకా ఉయ్యాల కింద చేతులు తీయలేదు.